అన్నిటికీ మంచిగుందనే మనిషి

నాకు కూర్చుని తినడం చేతకాదు. ఇంట్లో కూడా కంచం చేత్తో పట్టుకుని వంటగదికీ బాల్కనీకీ మధ్య తిరుగుతూ తింటాను. అందుకే గుర్‌గావ్‌లో మా ఆఫీసు వెనక ఖాళీ జాగాలో మొదటిసారి ఫుడ్ ట్రక్కు వచ్చి ఆగినప్పుడు, అది నాకోసమే వచ్చిందనుకున్నాను. కుర్చీ లేదు, బల్ల లేదు, మంచినీళ్ళు పెట్టి మన మొహం వంక చూస్తూ నిలబడే వెయిటరూ లేడు. నిలబడి తిని, అట్టపెట్టె చెత్తడబ్బాలో పడేసి, చేతులు దులుపుకుని పోవచ్చు. పైగా ఆ ట్రక్కులు ఈ వారం ఇక్కడుంటే పై వారం నోయిడాలో ఉంటాయి. ఏ రోజు ఎక్కడ ఆగుతారో వాళ్ళే ఫోన్లో పెడతారు. కొత్త ట్రక్కు వచ్చిందని ఫోన్ మోగితే చాలు, నా కాలు ఆఫీసులో నిలిచేది కాదు.

ఒక వేసవిలో ఈ తిరుగుడుకి ఇంకో పని తోడైంది. ఒక మనిషిని పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్నది నేను తేల్చుకోవాలి.

సంబంధం తెలిసినవాళ్ళ ద్వారా వచ్చింది. మాది కాకినాడ, వాళ్ళది కరీంనగర్ వైపు. పెద్దవాళ్ళు చూసుకునేవన్నీ చూసుకున్నారు, అన్నీ కుదిరాయన్నారు. అబ్బాయి సివిల్స్ రాద్దామని ఢిల్లీ వచ్చి, కొన్నేళ్ళు కరోల్ బాగ్‌లో గదుల్లో ఉండి, అది కుదరక ఫరీదాబాద్‌లో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో చేరాడు. తయారైన భాగాల్లో తప్పులు పట్టే విభాగం. నేను సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ ముప్పై దాటాయి. "ఇద్దరూ ఆ ఊళ్ళోనే తగలడ్డారు కదే, మమ్మల్ని రైలెక్కించడం ఎందుకు? మీరే కలిసి మాట్లాడుకోండి. ఆషాఢం వచ్చేలోపు ఏదో ఒకటి చెప్పెయ్," అంది అమ్మ. ఆషాఢంలో పెళ్ళి మాటలు ఎత్తరు. శ్రావణంలో ముహూర్తాలకి హాలు దొరకాలంటే మాట అంతకుముందే ఖాయం కావాలి. అది అమ్మ లెక్క.

మొదటిసారి ఒక మాల్‌లో, ఏసీ హోటల్లో కలిశాం. ఎదురెదురుగా కూర్చున్నాం. నాకు ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చున్నట్టే ఉంది. ఆయన నెమ్మదిగా తిన్నాడు, నెమ్మదిగా మాట్లాడాడు. మంచివాడని పది నిమిషాల్లోనే తెలిసిపోయింది, కానీ మంచివాళ్ళని చాలామందినే చూశాను. బయటికి రాగానే నేనే అన్నాను, "ఈసారి ఇలా కూర్చునే చోట్లొద్దండీ. ట్రక్కుల దగ్గర కలుద్దాం. ప్రతిసారీ కొత్తది." ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మంచిగుంటది," అన్నాడు.

ఆ మాటతోనే నా కష్టాలు మొదలయ్యాయి.

గుర్‌గావ్‌లో తందూరీ మోమోలు తిన్నాం. ఎలా ఉన్నాయంటే మంచిగున్నయన్నాడు. నోయిడాలో పనీర్ రోల్స్ తిన్నాం. మంచిగున్నయి. లక్ష్మీ నగర్‌లో కోచింగ్ సెంటర్ల సందు మొగలో, పుస్తకాల సంచీలు తగిలించుకున్న పిల్లల మధ్య తోసుకుంటూ, చీజు ముద్దగా అతుక్కుపోయిన నూడుల్స్ తిన్నాం. నాకు రెండో ముద్ద గొంతు దిగలేదు. ఆయన పెట్టె అడుగుదాకా తిని, పేపరు రుమాలుతో మూతి తుడుచుకుని, "మంచిగుంది," అన్నాడు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మా ఇంట్లో వంక పెట్టకుండా ఎవరూ అన్నం తినరు. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "పులుసు బావుంది గానీ, బెల్లం వేసేటప్పుడు చెయ్యి కాస్త వణికినట్టుంది," అంటారు. "వణకదా మరి, ఎవరికి వడ్డిస్తున్నానో తలుచుకుంటే," అంటుంది అమ్మ. ఈ తగువు రోజూ ఉంటుంది. ఒకసారి నాన్న ఏమీ అనకుండా తిని లేచిపోతే అమ్మ వెనకాలే వెళ్ళి నుదురు మీద చెయ్యి వేసి చూసింది, జ్వరమేమోనని. మా దగ్గర వంక పెట్టడమంటే మనసు పెట్టి తిన్నారని అర్థం. బాగుందని ఊరుకుంటే, పట్టించుకోలేదని అర్థం.

ఆయన్ని అడిగేశాను ఒకసారి, "మీకు బాలేనిదంటూ ఏమీ ఉండదా?" అని.

"మా ఇంట్ల తినేటప్పుడు బాగలేదనొద్దండి. చేసినోళ్ళ ముంగట అస్సలే అనొద్దు. నోట్లె పెట్టుకున్న బుక్కను తిట్టినట్టైతది," అన్నాడు.

మర్యాదే. కాదనను. కానీ నాకు ఒళ్ళు మండింది. అన్నీ మంచిగున్నాయనే మనిషికి నేనూ మంచిగానే ఉంటాను. అందులో నా గొప్పేముంది? ఈ మనిషి నన్ను చేసుకుంటే ఇష్టపడి చేసుకున్నాడో, ముందు పెట్టారు కాబట్టి తిన్నాడో నాకు జన్మలో తెలియదు. అది తెలియకుండా ఒక ఇంట్లో ఎలా ఉండటం? పనిలో కూర్చున్నా ఇదే ఆలోచన. మీటింగులో ఎవరో ప్రశ్న అడిగితే "మంచిగుంది" అనేశాను. అందరూ నవ్వారు.

అప్పటినుంచి నేను చెడ్డ ట్రక్కుల్ని వెతకడం మొదలుపెట్టాను. జనం ఫోన్లో తిట్టిపోసినవి ఏరి మరీ ఆయన్ని తీసుకెళ్ళాను. గులాబ్ జామూన్ పిజ్జా తినిపించాను. మట్టి ముంతలో పాస్తా పెట్టించాను. చాక్లెట్ మోమోలు పెట్టించినప్పుడు, సగం కొరికి కాసేపు ఆకాశం వంక చూశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కొత్తగుంది," అన్నాడు చివరికి.

"కొత్తగా అంటే? బాలేదనా?"

"లేదు లేదు. కొత్తగ మంచిగుంది."

తల పట్టుకున్నాను. పక్కనే ఇంకో ట్రక్కు దీపాలు వెలిగించుకుంటోంది, అటు లాక్కెళ్ళాను.

జూన్ వచ్చేసింది. సాయంత్రమైనా రోడ్డు సెగలు చిమ్ముతూనే ఉంది. అమ్మ రోజు విడిచి రోజు ఫోన్ చేసేది, ఆ తర్వాత రోజూ చేసింది. "ఏం తేల్చావే? వాళ్ళు అడుగుతున్నారు," అనేది. "చారు కాదు కదమ్మా, చేతిలో వేసుకుని రుచి చూసి చెప్పడానికి," అని కసిరేదాన్ని. "మరి ఇన్నాళ్ళ నుంచీ చేస్తున్నదేంటి?" అని అమ్మ అడిగితే ఫోన్ పెట్టేశాను. అవునని చెబుదామంటే భయం, వద్దని చెబుదామంటే కారణం లేదు. రాత్రి పడుకుంటే ఆయన నవ్వు గుర్తొచ్చేది, దానికి కూడా విసుక్కునేదాన్ని. ఆయన నవ్వితే కళ్ళు ముందు నవ్వుతాయి, నోరు తర్వాత.

ఆషాఢం ఇంకా కొద్ది రోజులుందనగా, ఆయన ఉండే ఫరీదాబాద్‌లోనే ఒక సెక్టార్ మార్కెట్ దగ్గర 'అసలైన సౌత్ ఇండియన్' ట్రక్కు పెట్టారని చూశాను. ఇదే ఆఖరి పరీక్ష అనుకున్నాను. దోశకీ సాంబారుకీ కూడా ఈ మనిషి మంచిగుందంటే, వద్దని చెప్పేస్తాను. మెట్రో దిగేసరికి ఆకాశం ఎర్రగా ఉంది, దుమ్ముగాలి వచ్చేలా ఉంది. ఆయన స్టేషన్ బయట నిలబడి ఉన్నాడు. ఆ రోజు మామూలు కంటే తక్కువ మాట్లాడాడు. ఎండ వల్ల అనుకున్నాను.

ట్రక్కు పసుప్పచ్చగా ఉంది, దాని మీద కొబ్బరిచెట్టు బొమ్మ. లోపల ఒకావిడ తలకి గుడ్డ కట్టుకుని, మూతికి మాస్కు పెట్టుకుని, గడగడా హిందీ మాట్లాడుతూ పెనం మీద దోశలు పోస్తోంది. ముందు పెద్ద లైను. మాకు పనీర్ దోశ, సాంబారు, చట్నీ అట్టపళ్ళెంలో పెట్టి ఇచ్చింది. లైను పక్కనే, కిటికీ కిందే నిలబడి మొదలుపెట్టాం.

ఢిల్లీలో ఉండే తెలుగువాళ్ళందరికీ ఒక ధైర్యం ఉంది. తెలుగులో ఏమన్నా ఇక్కడ ఎవరికీ అర్థం కాదన్న ధైర్యం. మెట్రోలో పక్కన కూర్చున్నవాడి ముక్కు గురించి, వాడి పక్కనే కూర్చుని మాట్లాడుకుంటాం. ఆఫీసు లిఫ్టులో మేనేజర్ని ఆయన ముందే తిడతాం, మొహాన చిరునవ్వు చెరగకుండా. నేనూ ఆ ధైర్యంతోనే గొంతెత్తాను.

"ఇది సాంబారా అండీ? ముద్దపప్పులో పానకం కలిపినట్టుంది. మీకు మాత్రం మంచిగుంటుంది లెండి."

ఆయన ఒకసారి లైను వంక చూశాడు. అందరూ హిందీలో మాట్లాడుకుంటున్నారు. కిటికీలోంచి ఆవిడ "హా జీ, దో ప్లేట్" అని అరుస్తోంది. ఆయన పళ్ళెంలోకి చూసుకుని, "నిజం చెప్పాల్నా?" అన్నాడు.

"చెప్పండి."

"దోశ లోపల పిండి పచ్చిగనే ఉంది. పెనం సరిగ్గ కాలకముందే పోసిన్రు. చట్నీల పెరుగు కలిపిన్రు, అది గూడ పులిసిపోయింది. సాంబార్ల ముక్కలైతే ఇయ్యాల్టియి కావు, నిన్నటియన్న అయ్యుంటయి. ఇంత అన్యాయమైన దోశ నేను కరోల్ బాగ్ మెస్సుల గూడ తినలే."

నా చెవుల్ని నేను నమ్మలేకపోయాను. ఆనందంతో చేతిలో పళ్ళెం వంగి సాంబారు చెప్పు మీద పడింది. "ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి," అంటున్నాను.

"ముక్కలు ఇవాల్టివే బాబూ."

పైనుంచి వినపడింది. తలెత్తి చూశాం. దోశలు పోస్తున్నావిడ మాస్కు గడ్డం కిందికి లాక్కుని, అట్లకాడ పట్టుకుని కిటికీలోంచి మా మీదికి వంగి చూస్తోంది. "పొద్దున్న నేనే తరిగాను. పెరుగు పులిసిందన్నారు, ఒప్పుకుంటాను. ఎండలు అలా ఉన్నాయి, ఏటి చేస్తాం. ముక్కల మాట మాత్రం ఒప్పుకోను."

మాట తీరు చూస్తే విజయనగరం వైపు మనిషిలా ఉంది. లైనులో ముందున్నాయన ఏమైందోనని, "క్యా హువా దీదీ? కుచ్ గడ్‌బడ్ హై?" అని అడిగాడు.

"నహీ నహీ భయ్యా," అని ఆవిడ ఒక్కసారిగా నవ్వు మొహం పెట్టింది. "మేరే ఉధర్ కే లోగ్ హై. బోల్ రహే హై, బిల్కుల్ ఘర్ జైసా స్వాద్ హై." అచ్చం ఇంటి రుచేనని మేమన్నామట. లైనులో వాళ్ళంతా మెచ్చుకోలుగా మా వంక చూశారు. ఆవిడ మళ్ళీ మా వైపు వంగి, "తిట్టుకోండి, పర్లేదు. కాస్త గొంతు తగ్గించి తిట్టుకోండి. వెనకాల జనం ఉన్నారు," అంది.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "తప్పైంది అక్కా," అన్నాడు. ఏం చెయ్యాలో తోచక, "ఇంకో దోశ ఇయ్యండి," అన్నాడు. అలాంటి పచ్చిదోశే ఇంకొకటి ఇప్పించుకుని, ఆవిడ చూస్తుండగా, ముక్క మిగల్చకుండా తిన్నాడు. నేను నవ్వు ఆపుకోలేక ట్రక్కు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

స్టేషన్ వైపు నడిచాం. గాలి మొదలైంది, రోడ్డు మీద పాలిథీన్ సంచులు ఎగురుతున్నాయి. "గుర్‌గావ్ మోమోల సంగతేంటి?" అని అడిగాను. "లోపల ఉడకలే," అన్నాడు. "లక్ష్మీ నగర్ నూడుల్స్?" "వాటిని తిండి అంటారా అండి?" "చాక్లెట్ మోమోలు?" ఆయన రోడ్డు మీదే ఆగి రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నాకు కడుపు నొప్పి వచ్చేంత నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి అన్నీ చూస్తూనే ఉన్నాడు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి, నోరు మూసుకుని తింటున్నాడంతే. వారాల తరబడి నన్ను పట్టుకుని పీకుతున్నది ఏదో వదిలిపోయింది. ఆ నడకలోనే నాకు తేలిపోయింది. ఇంటికెళ్ళగానే అమ్మకి ఫోన్ చేసి సరేనని చెప్పెయ్యాలి.

స్టేషన్ మెట్ల దగ్గర ఆగి, కులాసాగా అడిగాను. "మరి నా గురించి చెప్పండి. మంచిగుందని మాత్రం అనకండి."

ఆయన జేబురుమాలు తీసి మొహం మీద దుమ్ము తుడుచుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీరు అడిగిన్రు గనక చెప్తున్న. మీరు తినేటప్పుడు నేను చూస్త. సగం తినకముందే మీ కండ్లు పక్క బండి మీదికి పోతయి. నేను ఒక మాట మొదలుపెట్టి సగంల ఉంటే, వచ్చే శనివారం ఏడికి పోదామని అడుగుతరు. మీతోని ఉంటే మస్తు నవ్వొస్తది, అబద్ధం కాదు. గానీ రూముకు పోయినంక నిద్ర పట్టదు. నాకంటె కొత్తది ఏదన్న కనబడితే అటు పోతరేమో అనిపిస్తది. అట్ల భయపడుకుంట బతుకుడు నాతోని కాదండి." ఊపిరి తీసుకున్నాడు. "నిన్న మా అమ్మకు వద్దని చెప్పిన."

గాలి హోరుకి సరిగా వినలేదేమో అనుకున్నాను. సరిగానే విన్నాను.

"నిన్ననే చెప్పేస్తే ఇవాళ ఎందుకొచ్చారు?" నా గొంతు నాకే కఠినంగా వినిపించింది.

"ఫోన్ల చెప్పి తప్పించుకునుడు పద్ధతి కాదు గదా. ముఖం మీదనే చెప్దామని వచ్చిన. వచ్చినకాన్నుంచి చెప్పలేక తింటున్న."

కోపం రావాలి. రాలేదు. మెట్ల మీద నుంచి దిగుతున్నవాళ్ళు మమ్మల్ని తప్పుకుంటూ పోతున్నారు. సిగ్గు విడిచి అన్నాను, "నేను సరేనందామనుకున్నానండీ."

"ఎప్పుడు అనుకున్నరు?"

"ఇప్పుడే. నడిచొస్తుంటే."

ఆయన నవ్వాడు. ఈసారి కళ్ళు నవ్వలేదు. "ఇప్పుడు అనుకున్నది వచ్చే శనివారం దాక ఉంటదా?" అని అడిగాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. నేను ఉంటుందంటే ఇంటికి ఫోన్ చేసి మాట మార్చేసేవాడేనని ఇప్పటికీ నమ్ముతాను.

మాటకి మాట అప్పజెప్పడంలో నన్ను మించినవాళ్ళు మా వంశంలో లేరు. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. ఉంటుందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఉంటుందో లేదో నాకు తెలియదు. ఆయనకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఆయన కాసేపు చూశాడు. తర్వాత, "గాలి ఎక్కువైతుంది. పైలంగ పోండి. ఇల్లు చేరినంక మెసేజ్ పెట్టండి," అని వెళ్ళిపోయాడు. దుమ్ములో ఆయన తెల్లచొక్కా కొంతదూరం కనపడి, తర్వాత కనపడలేదు.

రైల్లో తలుపు పక్కన నిలబడ్డాను. ఎక్కినప్పటి నుంచీ ఏడుపు ఆగలేదు. ఎవరో ఆంటీ తన నీళ్ళసీసా ఇవ్వబోయింది, వద్దన్నాను. నాకు ఆ మనిషి కావాలి. అంతకుముందు ఏ మనిషీ నాకు అంతగా కావాలనిపించలేదు. నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్ళు మా ఇంటి బయట ఎవరూ లేరు. వెనక్కి వెళ్ళి, ఆయన గది ఎక్కడో వెతుక్కుని, ఉంటుందని చెప్పేద్దామా అనుకున్నాను. ఒక స్టేషన్‌లో దిగబోయి మళ్ళీ వెనక్కి తగ్గాను. అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

"వాళ్ళు వద్దన్నారటే! ఇప్పుడే కబురొచ్చింది. నీలాంటి పిల్లకి ఏం వంక పెట్టాడే వాడు?"

"ఉన్నదే పెట్టాడమ్మా," అన్నాను.

"ఏడుస్తున్నావా? ఓసి పిచ్చిదానా, పోతే పోనీ. మీ పెద్దత్త చెప్పిన సంబంధం ఉండనే ఉంది. చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆ అబ్బాయి కూడా అక్కడే, నోయిడాలో."

ముక్కు ఎగబీల్చుకుని, కళ్ళు తుడుచుకుని, ఏడుస్తూనే అడిగాను.

"నోయిడాలో ఎక్కడ?"